యూనిట్ 14: పెర్ల్ ప్రోగ్రాముల్లో అభ్యర్థనల జాడ తీయడం – ఎక్స్‌రే సేవ, పాజ్ లైబ్రరీ

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 పరిచయం
14.2 ట్రేస్, సెగ్మెంట్, సబ్‌సెగ్మెంట్
14.3 పెర్ల్‌కు ఉన్న రెండు దారులు
14.4 సెగ్మెంట్‌ను తయారు చేయడం
14.5 జాడ తెగకుండా చూడటం
14.6 నమూనా ఎంపిక
14.7 పాజ్ ద్వారా ట్రేస్‌లను చదవడం
14.8 ఒక ఉదాహరణ విశ్లేషణ
14.9 ట్రేస్‌లో రాయకూడనివి
14.10 సారాంశం
14.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
14.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు
14.13 పదకోశం

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

• ఒక అభ్యర్థన అనేక సర్వర్ల గుండా పోయేటప్పుడు దాని జాడను ఎలా నమోదు చేస్తారో వివరించగలుగుతారు.
• పెర్ల్ ప్రోగ్రాము నుంచి ఎక్స్‌రే సేవకు సమాచారం పంపే రెండు పద్ధతులను పోల్చగలుగుతారు.
• సరైన ట్రేస్ ఐడీని, సెగ్మెంట్ పత్రాన్ని తయారు చేయగలుగుతారు.
• పాజ్ లైబ్రరీతో ట్రేస్‌లను వెతికి, చదివి, జాప్యం ఎక్కడ జరిగిందో నిర్ధారించగలుగుతారు.

14.1 పరిచయం

గత యూనిట్‌లో లాగ్ ఫైళ్ల గురించి చదువుకున్నాం. ఒకే సర్వర్ మీద నడిచే ప్రోగ్రాముకు లాగ్ ఫైలు చాలావరకు సరిపోతుంది. ఒక పని నాలుగు సర్వర్ల మీదుగా జరిగితే మాత్రం నాలుగు చోట్ల నాలుగు లాగ్‌లు ఉంటాయి. వాటిలో ఏ వరుస ఏ అభ్యర్థనకు చెందిందో చెప్పడం కష్టమవుతుంది.

దీని వల్ల వచ్చే నష్టం సాంకేతికమైనది మాత్రమే కాదు. నేను ఉద్యోగంలో ఉన్న చివరి సంవత్సరాల్లో, ఒక విద్యాసంస్థ ఫలితాలు విడుదల చేసిన రోజున, మార్కుల పేజీ తెరుచుకోవడానికి ఎనిమిది సెకన్లకు పైగా పట్టింది. విద్యార్థులు మళ్లీ మళ్లీ నొక్కారు, రద్దీ ఇంకా పెరిగింది. 'డేటాబేస్ నెమ్మదిగా ఉంది' అని సమావేశంలో ఎవరో అన్నారు. అంతే, డేటాబేస్ చూసే ఉద్యోగికి మెమో వెళ్లింది. ఆయన తన క్వెరీలు సెకనులోపే పూర్తవుతున్నాయని చెప్పారు కానీ చూపించలేకపోయారు. అభ్యర్థన మొత్తం ప్రయాణంలో ఏ అడుగుకు ఎంత సమయం పట్టిందో చూపే ఆధారం ఆ రోజు ఎవరి దగ్గరా లేదు. ఆ ఆధారాన్ని తయారు చేసే పద్ధతే ఈ యూనిట్‌లోని పాఠ్యాంశం. ఆ ఉదంతం ఎలా తేలిందో 14.8లో చూద్దాం.

ఒక అభ్యర్థనకు మొదటి మెట్టులోనే ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, ప్రతి మెట్టూ ఆ సంఖ్యతోనే తన సమయాలను నమోదు చేయడాన్ని విస్తృత జాడ తీయడం అంటారు. గూగుల్ సంస్థ తన 'డాపర్' వ్యవస్థను వివరిస్తూ 2010లో ప్రచురించిన పత్రంతో ఈ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ ఇదే పని చేసే 'ఎక్స్‌రే' సేవను 2016 డిసెంబరులో ప్రకటించి, 2017 ఏప్రిల్‌లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది.

పెర్ల్ భాష 1987లో లారీ వాల్ చేతుల మీదుగా వచ్చింది. ఏళ్ల క్రితం పెర్ల్‌లో రాసిన ప్రోగ్రాములు ఇప్పటికీ చాలా సంస్థల్లో రోజువారీ పని చేస్తూనే ఉన్నాయి. వాటిని తీసేసి కొత్తవి రాయడం అన్నివేళలా సాధ్యం కాదు. కాబట్టి ఉన్న పెర్ల్ ప్రోగ్రాములో జాడ తీసే ఏర్పాటు ఎలా చేయాలో తెలుసుకోవడం ఉపయోగకరం.

గమనిక: ఈ యూనిట్‌లో ప్రోగ్రాము వరుసలు ఇవ్వలేదు. దశలను మాటల్లో వివరించాం. వాటిని ప్రోగ్రాముగా మలచడం మీ ప్రయోగశాల తరగతిలో చేయవలసిన పని.

14.2 ట్రేస్, సెగ్మెంట్, సబ్‌సెగ్మెంట్

ఒక అభ్యర్థన మొదటి నుంచి చివరి వరకు చేసిన మొత్తం ప్రయాణం 'ట్రేస్'. ఆ ప్రయాణంలో ఒక్కొక్క సేవ చేసిన పని 'సెగ్మెంట్'. ఆ సేవ లోపల జరిగిన చిన్న పని, ఉదాహరణకు ఒక డేటాబేస్ క్వెరీ గాని, మరో సర్వర్‌ను పిలవడం గాని, 'సబ్‌సెగ్మెంట్'.

రైలులో పంపిన పార్సిల్‌ను ఊహించుకోండి. రసీదు సంఖ్య ఒక్కటే. ప్రతి స్టేషన్‌లో ఆ సంఖ్య కింద వచ్చిన సమయం, వెళ్లిన సమయం రాస్తారు. రసీదు సంఖ్య ట్రేస్ ఐడీ లాంటిది. ఒక్కొక్క స్టేషన్‌లో రాసిన వివరం సెగ్మెంట్ లాంటిది. ఒక స్టేషన్‌లో రాయకపోయినా, వేరే సంఖ్య వేసి రాసినా, పార్సిల్ ఎక్కడ ఆగిందో చెప్పలేం.

సెగ్మెంట్‌ను జేసన్ రూపంలో రాయాలి. అందులో తప్పనిసరిగా ఉండవలసిన అంశాలు ఐదు:

(1) పేరు – సేవ పేరు, 200 అక్షరాలకు మించకూడదు.
(2) సెగ్మెంట్ ఐడీ – 16 హెక్సాడెసిమల్ అంకెలు.
(3) ట్రేస్ ఐడీ – అభ్యర్థన మొత్తానికి ఒక్కటే.
(4) ప్రారంభ సమయం – 1970 జనవరి 1 నుంచి గడచిన సెకన్లలో, దశాంశంతో సహా.
(5) ముగింపు సమయం – పని ఇంకా ముగియకపోతే దాని బదులు 'కొనసాగుతోంది' అని తెలిపే గుర్తు.

ఒక సెగ్మెంట్ పత్రం 64 కిలోబైట్లకు మించకూడదు. సేవ మరొక సేవ నుంచి పిలుపు అందుకుంటే, పిలిచిన వారి ఐడీని 'పేరెంట్ ఐడీ'గా చేర్చాలి. ఈ పేరెంట్ ఐడీల ఆధారంగానే ఎక్స్‌రే విడివిడిగా వచ్చిన సెగ్మెంట్లను ఒక చెట్టులా అమర్చుతుంది.

ట్రేస్ ఐడీ నిర్మాణం

ట్రేస్ ఐడీలో మూడు భాగాలుంటాయి. మొదటిది వెర్షన్ సంఖ్య 1. రెండోది అభ్యర్థన మొదలైన సమయం, 8 హెక్సాడెసిమల్ అంకెల్లో. మూడోది 24 హెక్సాడెసిమల్ అంకెల యాదృచ్ఛిక సంఖ్య. వీటి మధ్య చిన్న గీతలు ఉంటాయి.

ఉదాహరణకు రెండో భాగం 58406520 అనుకుందాం. దీన్ని దశాంశ పద్ధతిలోకి మార్చితే 1480615200 వస్తుంది. అంటే భారత కాలమానం ప్రకారం 2016 డిసెంబరు 1, రాత్రి 11:30. ఐడీని చూసి ఆ అభ్యర్థన ఎప్పుడు మొదలైందో ఇలా మీరే లెక్కకట్టవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ సెకన్ల లెక్క ప్రపంచ ప్రామాణిక సమయంలోనే ఉండాలి. 'మన సమయం కదా' అని ఐదున్నర గంటలు, అంటే 19800 సెకన్లు, కలపకూడదు. కలిపితే మీ సెగ్మెంట్లు భవిష్యత్తులో జరిగినట్టు నమోదవుతాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) ఒక అభ్యర్థన మూడు సేవల గుండా పోతే ట్రేస్ ఐడీలు ఎన్ని? సెగ్మెంట్లు కనీసం ఎన్ని?
(ఆ) పేరెంట్ ఐడీ లేకపోతే ఏమవుతుంది?

14.3 పెర్ల్‌కు ఉన్న రెండు దారులు

అమెజాన్ తన ఎక్స్‌రే కోసం జావా, పైథాన్, రూబీ, గో, నోడ్, డాట్‌నెట్ వాతావరణాలకు సొంత కిట్లు అందించింది. వాటిలో పెర్ల్ లేదు. కాబట్టి పెర్ల్ వాడేవారు ఈ కింది రెండు దారుల్లో ఒకదాన్ని గాని, రెండింటినీ గాని వాడుకోవాలి.

మొదటి దారి: పాజ్ లైబ్రరీ

పెర్ల్ మొదటి అక్షరానికి ఏడబ్ల్యూఎస్ అన్న పొడి అక్షరాలు చేర్చితే 'పాజ్' అన్న పేరు వస్తుంది. ఇది స్వచ్ఛందంగా ప్రోగ్రామర్లు నిర్మించిన లైబ్రరీ, అమెజాన్ అధికారిక ఉత్పత్తి కాదు. సీపాన్ భాండాగారం నుంచి దీన్ని ఉచితంగా తెచ్చుకోవచ్చు. పైథాన్ కిట్‌లో ప్రతి అమెజాన్ సేవకూ ఒక వివరణ ఫైలు ఉంటుంది. ఆ ఫైళ్లను చదివి పెర్ల్ క్లాసులను యంత్రమే తయారు చేసేలా పాజ్‌ను రూపొందించారు. అందువల్ల ఎక్స్‌రే పత్రాల్లో ఉన్న పిలుపుల పేర్లే పాజ్‌లోనూ ఉంటాయి.

వాడే విధానం సరళంగానే ఉంటుంది. పాజ్ క్లాసులోని 'సర్వీస్' మెథడ్‌కు ఎక్స్‌రే పేరును, రీజియన్ పేరును ఇస్తే ఒక ఆబ్జెక్ట్ వస్తుంది. ఆ ఆబ్జెక్ట్ మీద 'పుట్ ట్రేస్ సెగ్మెంట్స్' పిలిస్తే సెగ్మెంట్లు పంపవచ్చు, 'గెట్ ట్రేస్ సమరీస్' పిలిస్తే ట్రేస్‌ల జాబితా తెచ్చుకోవచ్చు. తాళాల వివరాలను పాజ్ ముందుగా పరిసర చరరాశుల్లో, తరువాత హోమ్ డైరెక్టరీలోని ఏడబ్ల్యూఎస్ ఫైలులో, ఆపైన సర్వర్‌కు కేటాయించిన రోల్‌లో వెతుక్కుంటుంది. రహస్య తాళాన్ని ప్రోగ్రాము లోపల ఎన్నడూ రాయవద్దు.

రెండో దారి: డీమన్

ఎక్స్‌రే డీమన్ అనేది సర్వర్ మీద వెనుక నడిచే చిన్న ప్రోగ్రాము. అది 2000 నంబరు పోర్టు దగ్గర యూడీపీ పద్ధతిలో సెగ్మెంట్లను అందుకుని, కొన్నింటిని కట్టగా కట్టి, ఎక్స్‌రేకు తానే పంపుతుంది. పెర్ల్ ప్రోగ్రాము చేయవలసింది ఒక సాకెట్ తెరిచి, ముందు ఫార్మాట్ జేసన్, వెర్షన్ 1 అని తెలిపే చిన్న జేసన్ వరుస, కొత్త వరుస గుర్తు, ఆ తరువాత సెగ్మెంట్ పత్రం పంపడమే.

ఏది ఎప్పుడు?

పాజ్ ద్వారా నేరుగా పంపితే ప్రతిసారీ సంతకం లెక్కించి, ఇంటర్నెట్ మీద భద్రమైన అనుసంధానం చేసి, జవాబు వచ్చేదాకా ఆగాలి. విద్యార్థి పేజీ కోసం ఎదురుచూస్తున్న సమయంలోనే ఇదంతా జరుగుతుంది. జాప్యాన్ని కొలవడానికి పెట్టిన సాధనమే జాప్యానికి కారణమవుతుంది. యూడీపీ అలా కాదు. ఉత్తరం పెట్టెలో వేసి వెళ్లిపోయినట్టు పంపేసి ముందుకు సాగుతుంది. డీమన్ ఆగిపోయినా మీ ప్రోగ్రాము ఆగదు. అయితే ఆగిపోయిన సంగతి మీ ప్రోగ్రాముకు తెలియదు కూడా. కాబట్టి డీమన్ నడుస్తోందో లేదో విడిగా గమనించుకోవాలి.

ఆచరణలో అనుసరించదగిన నియమం ఇది: విద్యార్థి ఎదురుచూసే చోట రాయడానికి డీమన్, తీరికగా చదవడానికి పాజ్. రాత్రిపూట నడిచే ప్రోగ్రాముల వంటి చోట్ల, ఎవరూ ఎదురుచూడరు కనుక, పాజ్‌తో నేరుగా రాసినా ఇబ్బంది లేదు.

పాజ్‌తో రాసేటప్పుడు ఒక విషయం మరవకండి. పిలుపు విజయవంతమైనంత మాత్రాన అన్ని సెగ్మెంట్లూ నమోదైనట్టు కాదు. జవాబులో 'అన్‌ప్రాసెస్డ్ ట్రేస్ సెగ్మెంట్స్' అన్న జాబితా ఉంటుంది. తిరస్కరించిన సెగ్మెంట్ల ఐడీలు, కారణాలు అందులో వస్తాయి. చాలామంది ఈ జాబితాను చూడరు. చూడకపోతే తప్పు పత్రాలు నెలల తరబడి పంపుతున్నా తెలియదు.

14.4 సెగ్మెంట్‌ను తయారు చేయడం

పెర్ల్‌లో ఒక హ్యాష్‌ను నింపి, జేసన్‌గా మార్చితే సెగ్మెంట్ సిద్ధమవుతుంది. పని సులభమే. కానీ పెర్ల్ స్వభావం వల్ల వచ్చే నాలుగు చిక్కులను ముందే తెలుసుకోవాలి.

మొదటి చిక్కు – సమయం. పెర్ల్‌లోని మామూలు 'టైమ్' ఫంక్షన్ పూర్తి సెకన్లనే ఇస్తుంది. దానితో కొలిస్తే 0.7 సెకన్ల క్వెరీ ఒకసారి 0గా, మరోసారి 1గా కనిపిస్తుంది. కాబట్టి 'టైమ్ హైరెస్' మాడ్యూల్‌లోని టైమ్ ఫంక్షన్‌ను వాడాలి. ఈ మాడ్యూల్ పెర్ల్‌తో పాటే వస్తుంది.

రెండో చిక్కు – సంఖ్య, పదం. పెర్ల్‌లో ఒకే స్కేలర్ సంఖ్యగానూ పదంగానూ పనిచేస్తుంది. ఇది మనకు సౌకర్యం. జేసన్‌లో మాత్రం సంఖ్య వేరు, ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉన్న పదం వేరు. మూడు దశాంశాలకు కుదించడానికి 'స్ప్రింట్‌ఎఫ్' వాడితే ఫలితం పదంగా మారుతుంది, జేసన్‌లో చిహ్నాలతో వెళుతుంది. ఎక్స్‌రే సంఖ్యను ఆశిస్తుంది. జేసన్‌గా మార్చే ముందు ఆ విలువకు సున్నా కలిపితే మళ్లీ సంఖ్య అవుతుంది. అలాగే 'అవును' అని తెలిపే చోట 1 రాస్తే సరిపోదు, జేసన్ మాడ్యూల్ ఇచ్చే 'ట్రూ' విలువను వాడాలి.

మూడో చిక్కు – యాదృచ్ఛిక ఐడీ. 'రాండ్' ఫంక్షన్ ఫలితాన్ని 2 ఘాతం 64తో గుణించి 16 అంకెల ఐడీ చేయవచ్చనిపిస్తుంది. కానీ నేటి పెర్ల్‌లో రాండ్ 48 బిట్ల యాదృచ్ఛికతనే ఇస్తుంది. ఆ గుణకారంలో చివరి నాలుగు హెక్సాడెసిమల్ అంకెలు ఎప్పుడూ సున్నాలే వస్తాయి. ఇంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. వెబ్ సర్వర్లు ఒక తల్లి ప్రాసెస్ నుంచి అనేక పిల్ల ప్రాసెస్‌లను పుట్టిస్తాయి. తల్లి అప్పటికే రాండ్‌ను ఒకసారి పిలిచి ఉంటే, పిల్లలన్నీ అదే బీజంతో మొదలై ఒకే వరుస సంఖ్యలను ఇస్తాయి. ఇద్దరు విద్యార్థుల అభ్యర్థనలకు ఒకే ఐడీ పడే అవకాశం ఏర్పడుతుంది. అందువల్ల లినక్స్‌లోని 'యురాండమ్' నుంచి బైట్లు చదివి, 'అన్‌ప్యాక్' ఫంక్షన్‌తో హెక్సాడెసిమల్‌లోకి మార్చడం మంచిది. సెగ్మెంట్ ఐడీకి 8 బైట్లు, ట్రేస్ ఐడీ మూడో భాగానికి 12 బైట్లు చాలు.

నాలుగో చిక్కు – తెలుగు అక్షరాలు. పత్రంలో తెలుగు పదం ఉండి, దాన్ని యూటీఎఫ్-8 బైట్లుగా మార్చకుండా సాకెట్‌లోకి పంపితే 'వైడ్ క్యారెక్టర్' అన్న సందేశంతో ప్రోగ్రాము ఆగిపోతుంది. జేసన్ మాడ్యూల్‌లోని 'ఎన్‌కోడ్ జేసన్' ఫంక్షన్ బైట్లనే ఇస్తుంది కనుక దాన్నే వాడాలి. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది. గుణింతం గుర్తు, పొల్లు కూడా విడి సంకేతాలే. పొడవైన తెలుగు సందేశాలు పెడితే 64 కిలోబైట్ల హద్దు త్వరగా దగ్గరపడుతుంది. సేవల పేర్లకు, కీలకు ఆంగ్ల అక్షరాలు, అంకెలు, అడుగు గీత వాడటం సురక్షితం.

తప్పు జరిగినప్పుడు

ప్రోగ్రాము మధ్యలో 'డై' అయినప్పుడే మనకు ట్రేస్ ఎక్కువ అవసరం. కాబట్టి పనిని 'ఇవాల్' బ్లాకులో పెట్టాలి. తప్పు వస్తే సెగ్మెంట్‌లో గుర్తు పెట్టి, ముగింపు సమయం వేసి, సెగ్మెంట్‌ను పంపి, ఆ తరువాత అదే తప్పును మళ్లీ పైకి వదలాలి. జాడ తీసే భాగం తప్పును మింగేయకూడదు. ఎక్స్‌రేలో గుర్తులు మూడు. 400 శ్రేణి జవాబులకు 'ఎర్రర్', అంటే అడిగినవారి వైపు లోపం. 500 శ్రేణికి 'ఫాల్ట్', అంటే సర్వర్ వైపు లోపం. 429 జవాబుకు 'థ్రాటిల్', అంటే పరిమితికి మించి అడగడం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) రాండ్ ఫంక్షన్‌తో ఐడీలు తయారు చేయడంలో ఉన్న రెండు లోపాలేవి?
(ఆ) ప్రారంభ సమయం జేసన్‌లో పదంగా వెళ్లకుండా ఏం చేయాలి?

14.5 జాడ తెగకుండా చూడటం

ఒక సేవ నుంచి మరో సేవకు ట్రేస్ ఐడీ హెచ్‌టీటీపీ హెడర్ ద్వారా వెళుతుంది. ఎక్స్‌రే హెడర్‌లో మూడు విలువలుంటాయి. 'రూట్' అంటే ట్రేస్ ఐడీ. 'పేరెంట్' అంటే పిలుస్తున్న సబ్‌సెగ్మెంట్ ఐడీ. 'శాంపుల్డ్' విలువ 1 అయితే ఈ అభ్యర్థనను నమోదు చేయాలని, 0 అయితే అక్కర్లేదని అర్థం.

పెర్ల్ ప్రోగ్రాము రెండు పనులు చేయాలి. అభ్యర్థన రాగానే హెడర్ ఉందో లేదో చూడాలి. ఉంటే అదే ఐడీ వాడాలి, లేకపోతేనే కొత్తది పుట్టించాలి. ఇంకొక సేవను పిలిచే ప్రతిసారీ ఆ హెడర్‌ను తప్పక జోడించాలి. రెండో పనిలోనే పొరపాట్లు ఎక్కువ. పాత ప్రోగ్రాములో బయటి సేవలను పిలిచే చోట్లు పది ఉంటే, తొమ్మిదింటిలో మార్పు చేసి పదోది మరిచిపోతాం. అందుకే పిలుపులన్నీ ఒకే సబ్‌రొటీన్ ద్వారా జరిగేలా ముందు సర్దుకుని, హెడర్‌ను అక్కడ ఒక్కచోటే చేర్చాలి.

ప్రస్తుతం ఏ సెగ్మెంట్ లోపల ఉన్నామో గుర్తుపెట్టుకోవడానికి పెర్ల్‌లోని 'లోకల్' చక్కగా ఉపయోగపడుతుంది. ఒక గ్లోబల్ చరరాశిలో ప్రస్తుత సెగ్మెంట్‌ను ఉంచి, కొత్త సబ్‌సెగ్మెంట్ మొదలైనప్పుడు లోకల్‌తో విలువ మార్చితే, ఆ బ్లాకు ముగియగానే పాత విలువ దానంతటదే తిరిగి వస్తుంది. మధ్యలో డై అయినా తిరిగి వస్తుంది. ఒక అభ్యర్థన వివరం తరువాతి అభ్యర్థనకు అంటుకునే ప్రమాదం దీంతో తప్పుతుంది.

ఇతర సంస్థల సాధనాలు వేరే హెడర్లు వాడేవి. ఈ తేడాలు తొలగించడానికి డబ్ల్యూ3సీ సంస్థ 'ట్రేస్ కాంటెక్స్ట్' ప్రమాణాన్ని 2020 ఫిబ్రవరిలో ఆమోదించింది. 2019లో రెండు పథకాలు కలిసి 'ఓపెన్‌టెలిమెట్రీ'గా ఏర్పడ్డాయి. హెడర్ పేరు మారినా ఈ విభాగంలో చెప్పిన సూత్రం మారదు.

14.6 నమూనా ఎంపిక

ప్రతి అభ్యర్థననూ నమోదు చేస్తే ఖర్చు, భారం పెరుగుతాయి. అందుకని కొన్నింటినే ఎంచుకుంటారు. ఎక్స్‌రేలో ముందే ఉన్న నియమం ప్రకారం ప్రతి సెకనులో మొదటి అభ్యర్థనను, ఆపై వచ్చినవాటిలో 5 శాతాన్ని నమోదు చేస్తారు.

సెకనుకు 100 అభ్యర్థనలు వస్తే మొదటిది 1. మిగిలిన 99లో 5 శాతం 4.95. మొత్తం సెకనుకు దాదాపు 6. సాధారణ జాప్యాన్ని గుర్తించడానికి ఇది చాలు. కానీ 'ఫలానా విద్యార్థికి ఫలానా సమయంలో ఏం జరిగింది?' అన్న ప్రశ్నకు దీనితో జవాబు దొరుకుతుందన్న హామీ లేదు. ఆ అభ్యర్థన ఎంపిక కాని 94లో ఉండవచ్చు. ట్రేస్ లేదు కాబట్టి ఫిర్యాదు అబద్ధం అనడం తప్పు.

పాజ్‌గాని, డీమన్‌గాని మీ బదులు ఈ ఎంపిక చేయవు. పెర్ల్ ప్రోగ్రామే నిర్ణయం తీసుకుని హెడర్‌లో రాయాలి. మొదటి మెట్టు తీసుకున్న నిర్ణయాన్నే తరువాతి మెట్లు పాటించాలి. ఎవరికి వారు ఎంచుకుంటే చెట్టులో సగం కొమ్మలే మిగులుతాయి.

14.7 పాజ్ ద్వారా ట్రేస్‌లను చదవడం

చదవడం రెండు దశల్లో జరుగుతుంది.

మొదటి దశ – వెతకడం. 'గెట్ ట్రేస్ సమరీస్' పిలుపుకు ప్రారంభ, ముగింపు సమయాలు, ఒక వడపోత వాక్యం ఇవ్వాలి. జవాబు సమయం 5 సెకన్లు మించినవి, ఫాల్ట్ గుర్తు ఉన్నవి, ఫలానా సేవను తాకినవి అంటూ వడపోయవచ్చు. ఫలితాలు పుటలుగా వస్తాయి. ఒక పుటతో పాటు 'నెక్స్ట్ టోకెన్' వస్తే ఇంకా ఉన్నాయని అర్థం. పాజ్‌లో 'గెట్ ఆల్ ట్రేస్ సమరీస్' అన్న మెథడ్ కూడా ఉంది. దానికి ఒక సబ్‌రొటీన్ ఇస్తే, పుటలన్నీ తానే తిప్పి, ఒక్కొక్క ఫలితానికి దాన్ని పిలుస్తుంది.

రెండో దశ – వివరం తెచ్చుకోవడం. 'బ్యాచ్ గెట్ ట్రేసెస్' పిలుపుకు ట్రేస్ ఐడీలు ఇవ్వాలి. ఒక్కసారికి 5 ఐడీలే. కాబట్టి జాబితాను 'స్ప్లైస్'తో ఐదేసి చొప్పున విడదీసి పిలవాలి. తిరిగి వచ్చే ప్రతి ట్రేస్‌లో సెగ్మెంట్ల జాబితా ఉంటుంది. ఇక్కడ కొత్తవారు తడబడతారు: సెగ్మెంట్ లోపలి 'డాక్యుమెంట్' విలువ పెర్ల్ హ్యాష్ కాదు, జేసన్ పాఠం. దాన్ని మీరే మరోసారి విప్పుకోవాలి.

వెతకడానికి వీలుగా సెగ్మెంట్లలో 'యానొటేషన్' చేర్చవచ్చు. ఉదాహరణకు కోర్సు పేరు, జిల్లా, ఫలితాల విడత. వీటికి సూచిక తయారవుతుంది కనుక వడపోతలో పనికొస్తాయి. ఒక ట్రేస్‌కు 50 వరకు సూచికలో చేరతాయి. 'మెటాడేటా' కూడా చేర్చవచ్చు గాని దాని మీద వెతకలేం, చదువుకోగలం అంతే.

ఎక్స్‌రే ట్రేస్‌లను 30 రోజులే ఉంచుతుంది. విచారణకు అవసరమయ్యే ట్రేస్‌లను ఈ గడువులోపలే పాజ్‌తో తెచ్చి ఫైలులో భద్రపరచుకోవాలి.

14.8 ఒక ఉదాహరణ విశ్లేషణ

పరిచయంలో చెప్పిన ఉదంతానికి వద్దాం. అంకెలను పాఠం కోసం సరళం చేశాను.

మేము మొదట వెబ్ ప్రోగ్రాములో సెగ్మెంట్‌ను, లాగిన్‌కు, మార్కుల క్వెరీకి సబ్‌సెగ్మెంట్లను చేర్చాం. మొత్తం సమయం 8.4 సెకన్లు. లాగిన్ 0.2, మార్కుల క్వెరీ 0.7. రెండూ కలిపి 0.9 సెకన్లు. మిగిలిన 7.5 సెకన్లకు లెక్క లేదు.

ఆ ఖాళీని చూసి 'సాధనం పనిచేయడం లేదు' అన్నవారు ఉన్నారు. నిజానికి ఆ ఖాళీ రెండు సంగతులు చెబుతోంది. ఒకటి, సమయం డేటాబేస్‌లో పోవడం లేదు. రెండు, మనం కొలవని పని ఏదో ఈ ప్రోగ్రాములో జరుగుతోంది. వరుసలు చదివితే తెలిసింది: పేజీ చూపే ముందు, పరీక్ష రుసుము బకాయి ఉందో లేదో అడగడానికి ప్రోగ్రాము మరో సేవను పిలుస్తోంది. ఏళ్ల క్రితం ఎవరో చేర్చిన పిలుపు అది. మా సబ్‌రొటీన్ ద్వారా కాకుండా నేరుగా జరుగుతోంది కనుక జాడలో పడలేదు.

ఆ పిలుపు చుట్టూ సబ్‌సెగ్మెంట్ పెట్టి, బయటి సేవ అని తెలిపే 'రిమోట్' నేమ్‌స్పేస్ రాశాం. ఈసారి లెక్క ఇలా వచ్చింది: లాగిన్ 0.2, మార్కుల క్వెరీ 0.7, రుసుము సేవ 7.2, పేజీ తయారీ 0.3. మొత్తం 8.4 సెకన్లు.

ఫలితాలు చూసుకునేటప్పుడు రుసుము అడగవలసిన అవసరమే లేదు. హాల్ టికెట్ ఇచ్చేటప్పుడే అది తేలిపోయి ఉంటుంది. ఆ పిలుపు తీసేశారు. మెమో కూడా వెనక్కి తీసుకున్నారు. ఆ ఉద్యోగి మాత్రం సుమారు నెల రోజులు చేయని తప్పుకు సంజాయిషీలు రాస్తూ గడిపారు.

ఈ ఉదాహరణ నుంచి నేర్చుకోవలసింది ఇది. సబ్‌సెగ్మెంట్ల మొత్తాన్ని సెగ్మెంట్ సమయంతో తప్పక పోల్చండి. తేడా ఎక్కువగా ఉంటే, కనిపిస్తున్న పెట్టెల్లో పెద్దదాన్ని తప్పుపట్టకండి. ఆ తేడా దేనిదో తేలేదాకా నిర్ధారణకు రావద్దు. మొదటి ట్రేస్‌లో కనిపించిన వాటిలో పెద్దది మార్కుల క్వెరీయే. అక్కడితో ఆగి ఉంటే, ఈ కొత్త సాధనం కూడా ఆ పాత నిందనే బలపరిచేది.

రెండు సర్వర్ల గడియారాల్లో తేడా ఉంటే పిలుపు అందుకున్న సెగ్మెంట్, పిలిచినదానికంటే ముందే మొదలైనట్టు కనిపించవచ్చు. సర్వర్లన్నిటి గడియారాలను ఎన్‌టీపీ ద్వారా సరిచేసి ఉంచాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 3
(అ) ఒక సెగ్మెంట్ 6.0 సెకన్లు. దాని సబ్‌సెగ్మెంట్లు ఒకదాని తరువాత ఒకటి 1.5, 0.5, 1.0 సెకన్లు. లెక్కలేని సమయం ఎంత? మీరు తరువాత ఏం చేస్తారు?
(ఆ) 23 ట్రేస్‌ల వివరాలకు 'బ్యాచ్ గెట్ ట్రేసెస్' ఎన్నిసార్లు పిలవాలి?

14.9 ట్రేస్‌లో రాయకూడనివి

ట్రేస్ చదవగలిగే ప్రతివారూ అందులో రాసినవన్నీ చూడగలరు. విద్యార్థి పేరు, హాల్ టికెట్ సంఖ్య, ఆధార్ సంఖ్య, ఫోన్ నంబరు, మార్కులు యానొటేషన్లలో గాని మెటాడేటాలో గాని పెట్టవద్దు. యూఆర్ఎల్ చివర హాల్ టికెట్ సంఖ్య ఉంటే దాన్ని కత్తిరించి నమోదు చేయండి. భారతదేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని దృష్టిలో ఉంచుకుని, జాడకు అవసరమైనంతే రాయడం అలవాటు చేసుకోవాలి.

అనుమతులను కూడా విడదీయాలి. డీమన్‌కు రాసే అనుమతి చాలు, చదివే అనుమతి అక్కర్లేదు. విశ్లేషకులకు చదివే అనుమతి చాలు.

14.10 సారాంశం

ఒక అభ్యర్థన అనేక సేవల్లో చేసే ప్రయాణాన్ని ట్రేస్ ఐడీ ఒక్కటిగా కూర్చుతుంది. పెర్ల్‌లో సెగ్మెంట్లు రాయడానికి డీమన్, ట్రేస్‌లను చదవడానికి పాజ్ అనువైనవి. సమయం, సంఖ్యా రూపం, యాదృచ్ఛిక ఐడీ, యూటీఎఫ్-8 విషయాల్లో జాగ్రత్త అవసరం. ప్రతి బయటి పిలుపులోనూ హెడర్ వెళ్లాలి. లైబ్రరీ మనం కొలిచినదాన్ని మాత్రమే చేరవేస్తుంది. కాబట్టి లెక్కలేని సమయం ఎంత ఉందో చూసిన తరువాతే కారణం నిర్ధారించాలి.

14.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. (అ) ట్రేస్ ఐడీ ఒక్కటే, సెగ్మెంట్లు కనీసం మూడు. (ఆ) ఏ సేవ దేన్ని పిలిచిందో తెలియదు, సెగ్మెంట్లు చెట్టుగా అమరవు.
2. (అ) 48 బిట్ల యాదృచ్ఛికతే ఉండటం, పిల్ల ప్రాసెస్‌లు ఒకే వరుస సంఖ్యలు ఇచ్చే ప్రమాదం. (ఆ) జేసన్‌గా మార్చే ముందు విలువకు సున్నా కలపాలి.
3. (అ) 3.0 సెకన్లు. కొలవని పిలుపులను ప్రోగ్రాములో వెతికి వాటికి సబ్‌సెగ్మెంట్లు చేర్చాలి. (ఆ) 5 సార్లు.

14.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వరుసల్లో సమాధానాలు రాయండి.
1. పెర్ల్ ప్రోగ్రాము నుంచి ఎక్స్‌రేకు సమాచారం పంపే రెండు పద్ధతులను పోల్చి, ఏది ఎప్పుడు వాడాలో వివరించండి.
2. సెగ్మెంట్ తయారీలో పెర్ల్ ప్రోగ్రామర్‌కు ఎదురయ్యే చిక్కులను, పరిష్కారాలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 వరుసల్లో సమాధానాలు రాయండి.
1. ట్రేస్ ఐడీ నిర్మాణం
2. నమూనా ఎంపిక, దాని పరిమితులు
3. యానొటేషన్, మెటాడేటాల మధ్య తేడా

14.13 పదకోశం

ట్రేస్: ఒక అభ్యర్థన మొత్తం ప్రయాణానికి సంబంధించిన నమోదు.
సెగ్మెంట్: ఆ ప్రయాణంలో ఒక సేవ చేసిన పని వివరం.
డీమన్: సర్వర్‌లో వెనుక నడుస్తూ సెగ్మెంట్లను అందుకుని పంపే ప్రోగ్రాము.
యానొటేషన్: వెతకడానికి వీలుగా సూచికలో చేరే చిన్న వివరం.
లెక్కలేని సమయం: సెగ్మెంట్ సమయంలో ఏ సబ్‌సెగ్మెంట్‌కూ చెందని భాగం.